అప్‌డేట్: గెడ్డ బురదలో బైఫెంత్రిన్ పురుగుమందు, నీళ్ళ పరీక్ష ఒక్కటీ చాలదు

గుణుపూర్ దగ్గర పత్తి చేల మీదుగా వంశధారలో కలిసే గెడ్డ గురించి అడిగాను కదా: నీళ్ళలో బైఫెంత్రిన్ కనబడకపోతే అడుగు బురదలోని జీవులకు ప్రమాదం లేనట్టేనా అని. సమాధానం తేలింది, లేనట్టు కాదు. దీని లాగ్ కేఓడబ్ల్యూ (నీళ్ళకంటే నూనెలాంటి పదార్థంలో ఎంత ఎక్కువగా చేరుతుందో చెప్పే కొలత) 6 పైనే, అంటే నీళ్ళను వదిలి బురదలోని సేంద్రియ పదార్థాన్ని పట్టుకుంటుంది. యూరప్ రసాయనాల చట్టం రీచ్ పద్ధతిలో ఈ విలువ 3 దాటితేనే బురదకు విడిగా లెక్క చూడాలి. 5 దాటితే, నీటి విలువల నుంచి కట్టిన అంచనాలో ప్రమాద నిష్పత్తిని (ఉన్న మోతాదును సురక్షిత హద్దుతో భాగిస్తే వచ్చేది) ఇంకో 10 రెట్లు పెంచాలి, ఎందుకంటే పురుగు బురదనే మింగుతుంది.

నమూనా పై 2 సెంటీమీటర్లలోంచే తీయండి. లోతుకు తవ్వితే పాత మట్టి కలిసి మోతాదు పలచబడుతుంది. గాజు సీసాలో, చీకట్లో, 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. సేంద్రియ కార్బన్ పరీక్ష తప్పనిసరి. కిలో పొడి బురదకు 40 మైక్రోగ్రాములు అని రిపోర్టు వచ్చిందనుకోండి. కార్బన్ 2 శాతం ఉంటే గ్రాము కార్బన్‌కు 2 మైక్రోగ్రాములు, 0.5 శాతమే ఉంటే 8. మన ఇసుక గెడ్డల్లో రెండోదానికే అవకాశం ఎక్కువ. పట్టి ఉంచే కార్బన్ తక్కువైతే మందు పురుగులకు ఎక్కువ అందుతుంది, అందుకే అసలు భయం అక్కడే.

ల్యాబులో ఓఈసీడీ 218 అనే అంతర్జాతీయ ప్రామాణిక పరీక్ష అడగండి: మందు కలిపిన బురదలో కైరోనమస్ (దోమలాంటి ఈగ) పిల్లలైన ఎర్రపురుగులు, 28 రోజులు. మందు కలపని గిన్నెల్లో కనీసం 70 శాతం ఈగలు పైకి రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. అమ్మోనియా కూడా కొలిపించండి, అది పెరిగితే పురుగుల చావు మందు ఖాతాలో పడిపోతుంది.

సురక్షిత హద్దు తేల్చడానికి, ఒక్క జాతి మీదే దీర్ఘకాల పరీక్ష ఫలితం (హాని కనబడని మోతాదు) ఉంటే దాన్ని 100తో భాగించాలి. వేర్వేరు తీరున బతికే, తినే మూడు జాతులుంటే 10 చాలు.