‘వైఫై రావట్లేదు’ అంటే ఏది రావట్లేదు?

ప్రశ్న

ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్ల కోసం తెలుగులో ఒక సహాయ పాఠం రాస్తున్నాను. ‘అప్‌గ్రేడ్ చేశాక వైఫై రావట్లేదా?’ అని శీర్షిక పెట్టాను. చదివినవారొకరు ‘రావట్లేదు’ అనడం మాటల్లో చెల్లుతుంది గానీ రాతలో తప్పన్నారు. ‘నిస్తంత్రి అనుసంధానం విఫలమైందా?’ అని మార్చమన్నారు, నిస్తంత్రి అంటే వైర్‌లెస్ అట. ఏది ఉంచాలి?

జవాబు

మీ శీర్షికే ఉంచండి. తెలుగులో కరెంటు వస్తుంది, నీళ్లు వస్తాయి, ఫోన్ వస్తుంది, నిద్ర కూడా వస్తుంది. బయటి నుంచి మనకు అందేవన్నీ మన భాషలో ‘వచ్చేవే’. వైఫై ఆ వరసలో చక్కగా ఇమిడిపోయింది, రాతలోనూ తప్పేమీ లేదు. ‘అనుసంధానం విఫలమైంది’ అన్నదాంట్లో వ్యాకరణ దోషం లేదు. కానీ ల్యాప్‌టాప్ ముందు టెన్షన్‌తో కూర్చున్న మనిషి ఆ మాటతో వెతకడు, పక్కవాళ్లకు ఆ మాటతో చెప్పుకోడు.

శీర్షిక దాటి లోపలికి వెళ్లాక మాత్రం ‘రావట్లేదు’ ఒక్కదానితో సరిపెట్టకండి. వైఫై అనాలా నిస్తంత్రి అనాలా అని నామవాచకం దగ్గర మనం ఎంతసేపైనా వాదించుకుంటాం. తేడా ఎక్కడ వచ్చిందో చెప్పేది క్రియ. ఆ క్రియలు కొత్తగా పుట్టించక్కర్లేదు, జనం నోట్లో ఉన్నవే: ‘వైఫై బొమ్మే పోయింది’, ‘నెట్‌వర్క్‌లేవీ కనబడట్లేదు’, ‘పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు’, ‘కనెక్ట్ అయింది గానీ నెట్ లేదు’, ‘వచ్చి పోతోంది’. వినడానికి అన్నీ ఒకే గోడులా ఉంటాయి. నిజానికి ఒక్కొక్కటి ఒక్కో మెట్టు దగ్గర ఆగిపోయిందని చెబుతున్నాయి. ఏ మెట్టో తెలిస్తే పనికిరాని చిట్కాలు సగానికి పైగా పక్కన పెట్టేయవచ్చు.

వాటికంటే ముందు ఒక చిన్న ప్రత్యయం సంగతి చెప్పాలి. ‘ల్యాప్‌టాప్‌కి రావట్లేదు’ అంటారు కొందరు, ‘ల్యాప్‌టాప్‌కే రావట్లేదు’ అంటారు ఇంకొందరు. ఆ ‘ఏ’ చాలా పెద్ద సమాచారం. అదే వైఫై ఫోనుకు అందుతోంది, రూటర్ బాగుంది, లైను బాగుంది, తేడా ఈ మెషీన్‌లోనే ఉంది అని ఒక్క అక్షరంతో చెప్పినట్టు. మీ పాఠంలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: ‘అదే వైఫై ఫోనుకు వస్తోందా?’ వస్తోందంటే, మొబైల్ డేటాతో కాక ఫోనులోని వైఫైతోనే వస్తోందా అని చూడమనండి. మొబైల్ డేటా ఆపేసి చూడకపోతే మోసపోతాం.

‘చేశాక’ అన్న మాటనూ కాస్త గమనించండి. ‘అప్‌గ్రేడ్ చేశాక’ అంటే తర్వాత జరిగింది అనే అర్థం, దానివల్లే జరిగింది అని కాదు. ‘అప్‌గ్రేడ్ వల్ల పోయింది’ అని మొదటే రాసేస్తే, అదే సమయంలో ఎవరో రూటర్ పాస్‌వర్డ్ మార్చారేమో అన్న ఆలోచన చదివేవాళ్లకు తట్టదు. మీరు ‘చేశాక’ అన్నారు, బాగుంది, అలాగే ఉంచండి.

ఇక క్రియల సంగతి.

‘బొమ్మే పోయింది’, ‘వైఫై ఆప్షనే లేదు’. వీటిలోనూ ‘ఏ’ ఉంది చూడండి. నెట్‌వర్క్ సంగతి తర్వాత, అసలు వైఫై కార్డునే సిస్టమ్ గుర్తించట్లేదన్నమాట. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే తంటాల్లో ఇది మామూలుగా కనబడేదే. కారణం దాదాపు ఎప్పుడూ డ్రైవరే. కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలబడి మాట్లాడే చిన్న ప్రోగ్రామ్ అది. సిస్టమ్ మారింది, పాత డ్రైవర్ దానికి సరిపడలేదు. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడాలి. పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు ఉంటే డ్రైవర్ ఉంది గానీ నడవట్లేదని. పేరే లేకపోతే ‘అన్‌నోన్ డివైస్’ లాంటి పేరుతో ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి. డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కడానికి వీలుగా ఉంటే వెనక్కి వెళ్లి చూడవచ్చు. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ అక్కడ మిగల్లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ తయారీ సంస్థ సైట్‌లో సరిగ్గా ఆ మోడల్‌కు, ఆ సిస్టమ్ వెర్షన్‌కు ఇచ్చిన డ్రైవర్ తెచ్చుకోవాలి.

లినక్స్‌లో ఇదే కథ ఇంకో రకంగా నడుస్తుంది. చాలా కార్డుల డ్రైవర్లు కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి. బ్రాడ్‌కామ్ కార్డులు కొన్నింటికి మాత్రం డ్రైవర్‌ను బయటి నుంచి తెచ్చి, కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ తయారుచేయాలి. అప్‌గ్రేడ్‌లో కెర్నల్ మారి, ఆ తయారీ మధ్యలో ఆగితే బొమ్మ పోతుంది. సెక్యూర్ బూట్ (మెషీన్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను లోపలికి రానివ్వకపోవడమూ ఉంది. తేల్చుకోవడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది: మెషీన్ మొదలయ్యేటప్పుడు దేనితో తెరవాలో అడిగే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత కెర్నల్‌తో తెరవడం. అందులో వైఫై వచ్చిందంటే కార్డు క్షేమం, తేడా కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌కూ మధ్యే.

ఇక్కడ అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. దీనికి దారి మీ పాఠంలో తప్పక రాయండి: ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్‌కు నెట్ అందుతుంది. వైఫై కార్డుతో పనే లేదు. ఈ ఒక్క వాక్యం లేక ఎంతోమంది మధ్యాహ్నమంతా పోగొట్టుకుంటారు.

‘బొమ్మ ఉంది, ఏవీ కనబడట్లేదు’ అంటే కార్డును సిస్టమ్ గుర్తించింది, రేడియో మాత్రం మూతపడి ఉంది. ఏరోప్లేన్ మోడ్, కీబోర్డు మీది వైఫై మీట, కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల పక్కన ఉండే చిన్న స్విచ్, ఇవి చూస్తే చాలావరకు తేలిపోతుంది. లినక్స్‌లో ఆర్‌ఎఫ్‌కిల్ అనే కమాండ్ ‘సాఫ్ట్ బ్లాక్’, ‘హార్డ్ బ్లాక్’ అని విడివిడిగా చూపిస్తుంది. హార్డ్ బ్లాక్ అంటే కమాండ్‌తో తీయలేనిది, మీట దగ్గరికే వెళ్లాలి.

‘మనదొక్కటే కనబడట్లేదు’ అన్నది మాత్రం పూర్తిగా వేరే. పక్కవాళ్లవి కనబడుతున్నాయంటే రేడియో పనిచేస్తోంది. అప్పుడు మన రూటర్ ఏ ఛానెల్ మీద ఉందో చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానెళ్లను కొన్ని దేశాల నియమాల ప్రకారం వాడనివ్వరు. అప్‌గ్రేడ్ తర్వాత డ్రైవర్ దేశాన్ని వేరేగా అనుకుంటే ఆ ఛానెల్ మీదున్న రూటర్ కంటికి ఆనదు. రూటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చి చూడమనండి.

‘పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు’ దగ్గర ఎక్కువ చెప్పేది లేదు. నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేసి, మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చి కలపడం మొదటి పని. అయినా తీసుకోకపోతే రూటర్‌లోని భద్రతా పద్ధతి చూడాలి. వెప్ 1997 నాటి తొలి వైఫై ప్రమాణంతో వచ్చిన పద్ధతి. డబ్ల్యూపీఏ2 2004లో, డబ్ల్యూపీఏ3 2018లో వచ్చాయి. కొత్త సిస్టమ్‌లకు మరీ పాతవంటే నమ్మకం లేదు, పాత కార్డులకు మరీ కొత్తవి తెలియవు. డబ్ల్యూపీఏ2 మీద పెడితే ఇద్దరికీ కుదురుతుంది.

‘కనెక్ట్ అయింది గానీ నెట్ లేదు’. తెలుగువాళ్లు ‘వైఫై’నీ ‘నెట్’నీ ఎంత కలిపి వాడినా, ఈ వాక్యంలో మాత్రం రెంటినీ చక్కగా విడదీస్తారు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా ఉన్నది వైఫై, ఆ పైన ఉన్నది నెట్. ‘ల్యాప్‌టాప్‌కే’ ఇలా ఉందంటే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో మెషీన్‌ను గుర్తించే అంకెల చిరునామా చూడాలి. అది 169.254తో మొదలైతే రూటర్ చిరునామా ఇవ్వలేదని, మెషీనే తనకు తాను ఒకటి పెట్టుకుందని అర్థం. చిరునామా సరిగ్గానే ఉండి, 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్తూ, సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే, సైట్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తేడా. పాత వీపీఎన్, పాత యాంటీవైరస్ అప్‌గ్రేడ్‌తో పాటు సగం సగం మిగిలిపోయి అడ్డం పడటం కూడా ఇక్కడే జరుగుతుంది. వాటిని పూర్తిగా తీసేసి చూడాలి. విండోస్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ ఉంది గానీ దాన్ని చివరికి ఉంచండి. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, వీపీఎన్ సెట్టింగ్‌లు మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

‘వచ్చి పోతోంది’ అంటే ముందు పవర్ సేవింగ్‌ను అనుమానించాలి. బ్యాటరీ మిగల్చడానికి సిస్టమ్ కార్డును నిద్రపుచ్చుతోంది, అది సరిగ్గా లేవట్లేదు. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుకు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, ‘పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపవచ్చు’ అన్న అర్థంలో ఉన్న టిక్ తీసేసి కొన్నాళ్లు చూడమనండి.

ఇంకొకరు

నిస్తంత్రిని మీరు మరీ తేలిగ్గా పక్కన పెట్టారనిపించింది. తంతి అంటే తీగ. తంతి తపాలా శాఖ అని మన పెద్దవాళ్లు రోజూ అన్న మాటే. తీగ లేనిది నిస్తంత్రి. ఇంత అందంగా కుదిరిన మాటను వాడకపోతే అది బతికేదెలా?

జవాబు

మాట అందంగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. పాఠ్యపుస్తకంలో, రేడియో చరిత్ర రాసేటప్పుడు, సైన్సు వ్యాసంలో తప్పక వాడాలి. కానీ నిస్తంత్రి వైర్‌లెస్‌కు సమానం, వైఫైకి కాదు. బ్లూటూత్ కూడా నిస్తంత్రే, మొబైల్ డేటా కూడా నిస్తంత్రే. ‘నిస్తంత్రి పనిచేయట్లేదు’ అంటే మూడింట్లో ఏదో తెలియదు. వైఫై అన్నది 1999లో వ్యాపార నామంగా పెట్టిన పేరు, దేనికీ సంక్షిప్త రూపం కాదు, కాబట్టి విడదీసి అనువదించడానికి అందులో ఏమీ లేదు. డ్రైవర్‌ను చోదకం అనడం గురించి కూడా నాది ఇదే మాట. చదివేవారు తెర మీద ‘డ్రైవర్’ అన్న అక్షరాల కోసం వెతుకుతారు. పాఠంలో చోదకం అని ఉంటే పాఠానికీ తెరకూ లంకె తెగిపోతుంది. అవస్థలో ఉన్న మనిషికి ఆ భారం మనం వేయకూడదు.

మరొకరు

నా అనుభవంలో ఎవరిని అడిగినా ‘ఆఫ్ చేసి ఆన్ చేశాను, అయినా రావట్లేదు’ అంటారు. అది ముందే చేసేశారు కదా అని వదిలేయవచ్చా?

జవాబు

వదలకండి. ‘ఆఫ్ చేసి ఆన్ చేశాను’ అన్నది చాలా వదులైన మాట. మూత వేసి తీసినా అదే అంటారు, షట్‌డౌన్ చేసినా అదే, రీస్టార్ట్ చేసినా అదే. విండోస్‌లో ఈ మూడూ వేరు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ లోపలి భాగాన్ని, డ్రైవర్ల స్థితితో సహా, డిస్కులో దాచి, తర్వాత అక్కడి నుంచే లేస్తుంది. చిక్కుపడ్డ డ్రైవర్ చిక్కుతోనే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. అందుకని పాఠంలో ‘ఆపి, మళ్లీ వేయండి’ అని రాయవద్దు. ‘స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కండి’ అని రాయండి.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం. ఐదు క్రియలనే ఐదు ఉపశీర్షికలుగా పెడుతున్నాను. డ్రైవర్ భాగంలో ఇలా రాశాను, చూడండి: ‘ఏదీ పనిచేయకపోతే డివైస్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్‌ను తీసేసి, రీస్టార్ట్ చేయండి. విండోస్ తనంతట తనే మళ్లీ పెట్టుకుంటుంది.’

జవాబు

‘డ్రైవర్‌ను తీసేసి’ అన్నచోట ఆగండి. అక్కడ ఉండే ఆప్షన్ ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’. నొక్కితే డ్రైవర్ ఫైళ్లను కూడా తీసేయమంటారా అని చిన్న పెట్టె పక్కన టిక్ అడుగుతుంది. టిక్ పెట్టకపోతే పోయేది కార్డు నమోదు మాత్రమే, ఫైళ్లు లోపలే ఉంటాయి కాబట్టి రీస్టార్ట్ తర్వాత విండోస్ వాటితోనే మళ్లీ పెట్టుకుంటుంది. టిక్ పెడితే ఫైళ్లు కూడా పోవచ్చు. విండోస్ దగ్గర ఇంకో డ్రైవర్ లేకపోతే ‘రావట్లేదు’ కాస్తా ‘బొమ్మే పోయింది’ అవుతుంది. కాబట్టి ‘డివైస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి, టిక్ పెట్టకండి’ అని రాయండి. టిక్ పెట్టాల్సిన అవసరమే వస్తే, సరైన డ్రైవర్ ఫైలు ముందే దింపి డెస్క్‌టాప్ మీద ఉంచుకోమనండి. అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే రికవరీ సెట్టింగ్స్‌లో ‘గో బ్యాక్’తో పాత వెర్షన్‌కు వెళ్లే వీలుంటుందని కూడా అక్కడే ఒక ముక్క చేర్చండి. గడువు దాటాక చదివితే ఆ వాక్యం ఎవరికీ ఉపయోగపడదు, అందుకని దాన్ని పాఠం మొదట్లోకి తెచ్చినా మంచిదే.