రొయ్యల ప్లాంటు ఈటీపీలో బురద తేలిపోతోంది, ఆర్ఓ పెడితే తీరుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. విశాఖలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) చూసుకుంటున్నాను. రోజుకు 120 కిలోలీటర్ల దాకా మురుగునీరు వస్తుంది. పగలంతా బాగానే ఉంటుంది. తెల్లారి డ్యూటీకి వచ్చేసరికి క్లారిఫయర్ (బురద అడుగుకు దిగే తొట్టి) మీద బురద అట్టలు అట్టలుగా తేలి, కొంత బయటికి పోతోంది. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు తట్టుకోలేక మావాళ్లు ఆర్ఓ (పొర గుండా నీటిని నెట్టి ఉప్పును వేరుచేసే యంత్రం) కొని ఆ నీళ్లే మళ్లీ వాడదామంటున్నారు. పక్కనే గెడ్డ (వాగు), దాన్ని ఆనుకునే ఊరు. ఆ బురద అటు పోతుంటే నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు:
బ్యాక్టీరియా చచ్చిపోయుంటుంది అన్నా. కల్చర్ పౌడర్ వేసి, రెండు బస్తాల పేడ కలపండి.

మరో జవాబు:
పేడ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. ముందు ఒక పరీక్ష చెయ్యి. ఏరేషన్ ట్యాంక్ (గాలి ఊది, బ్యాక్టీరియా మురుగును తినేలా చేసే తొట్టి) నీళ్లు లీటరు కొలజాడీలో పట్టి కదపకుండా పెట్టు. అరగంటకు బురద ఎంత దిగిందో రాసుకో. జాడీని పారబోయకుండా ఇంకో రెండు గంటలు వదిలెయ్యి. బాగా దిగిన బురదే ముద్దగా పైకి లేచి, కడ్డీతో కదిపితే చిన్న బుడగలు వదిలి మళ్లీ మునిగిందా, అది నైట్రోజన్ పని. అసలు దిగనే దిగకపోతే బల్కింగ్ (బురద ఉబ్బి సరిగా దిగకపోవడం), దాని వైద్యం వేరు.

రొయ్య నీళ్లలో ప్రోటీన్ ఎక్కువ. అది కుళ్లితే అమ్మోనియా వస్తుంది, ఏరేషన్‌లో బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బురద క్లారిఫయర్ అడుగున గాలి అందక గంటలకొద్దీ ఉండిపోతే, నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే పీల్చుకుని నైట్రోజన్ వాయువు వదులుతుంది. ఆ బుడగలే బురదను పైకి మోసుకొస్తాయి. రాత్రిపూట రిటర్న్ స్లడ్జ్ పంపు (దిగిన బురదను మళ్లీ ఏరేషన్‌కు పంపేది) ఆగుతోందేమో చూడు. పీహెచ్ కూడా రోజూ రాయి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్ కావడానికి దాదాపు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఖర్చవుతుంది, అది తరిగితే పీహెచ్ పడిపోతుంది.

ప్రశ్న వేసినవారు (రెండు రోజుల తర్వాత):
జాడీలో మీరు చెప్పినట్టే జరిగింది గురువుగారూ. కరెంటు ఆదా అని నైట్ షిఫ్టులో రిటర్న్ పంపు ఆపేస్తున్నారు. నిన్న రాత్రంతా నడిపించాను, పొద్దున చాలా తక్కువ తేలింది. మరి ఆర్ఓ సంగతి?

జవాబు:
సంతోషం. పంపు ఇక ఆపనివ్వకు. ఫ్లోర్లు, క్రేట్లు కడిగిన క్లోరిన్ నీళ్లు ఒక్కసారిగా ఏరేషన్‌లోకి రాకుండా ఈక్వలైజేషన్ ట్యాంకులో (మురుగునీళ్లన్నీ ముందు చేరే తొట్టి) కలిసి నెమ్మదిగా వచ్చేలా చూడు. ఆ దెబ్బకు మాత్రం బ్యాక్టీరియా నిజంగానే చస్తుంది.

ఆర్ఓ ఉప్పును మాయం చెయ్యదు, ఒక పక్కకు నెట్టి చిక్కబరుస్తుంది. 120 కిలోలీటర్లలో 70 శాతం మంచినీళ్లుగా తీశావనుకో, మిగిలిన 36 కిలోలీటర్లలో ఉప్పు మూడింతలకు పైగా ఉంటుంది. ఆ రిజెక్ట్ (మిగిలిన ఉప్పు నీళ్లు) ఎక్కడ పోస్తారో మీవాళ్లను ముందు అడుగు. గెడ్డలోకి అంటే ఒప్పుకోకు. పైగా బురద జారే క్లారిఫయర్ వెనక మెంబ్రేన్ (ఆర్ఓ పొర) పెడితే నెలల్లో పూడుకుపోతుంది.

దానికంటే, ఫ్రీజర్ల డీఫ్రాస్ట్ నీళ్లు (కాయిల్ మీది మంచు కరిగించగా వచ్చేవి) మురుగులో కలుపుతున్నారా? ప్లాంటులో అన్నిటికన్నా శుభ్రమైనవి అవే, చల్లగా కూడా ఉంటాయి. వాటిని వేరే పైపులో పట్టి, వడకట్టి, కండెన్సర్‌కు (ఫ్రీజర్ యంత్రం వేడిని బయటికి వదిలే భాగం) వాడండి. ట్యాంకర్లు తగ్గుతాయి, ఈటీపీ మీద భారమూ తగ్గుతుంది. శుద్ధిచేసిన మురుగునీరు కన్సెంట్‌లో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రం) రాసిన పరిమితులకు లోబడితే తోటకు వాడొచ్చు. భూమికి పారించడానికి బీఓడీ (నీటిలోని కుళ్లే మురుగుకు కొలత) సాధారణ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు, గెడ్డలోకైతే 30. అయితే మీ కాగితంలో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. ఉప్పెక్కువైతే మొక్కలు మాడతాయి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) చూసుకో. రొయ్యను తాకే నీళ్లు మాత్రం తాగునీరే కావాలి, అక్కడ ఏ సర్దుబాటూ వద్దు.

ప్రశ్న వేసినవారు:
డీఫ్రాస్ట్ నీళ్లు నిజంగానే మురుగు కాలువలోకే పోతున్నాయండి! రేపే పైపు లైను చూస్తాను. ఇంకేమైనా జాగ్రత్త ఉందా?

జవాబు:
ఒకటుంది. మీ ఫ్రీజర్లను చల్లబరిచేది అమ్మోనియా కంప్రెసర్ అయితే కాయిల్ ఎక్కడైనా లీకైనప్పుడు ఆ డీఫ్రాస్ట్ నీళ్లలో కలిసి పీహెచ్ పెంచుతుంది. రోజూ పీహెచ్ పట్టు. మామూలు కంటే పెరిగితే వాడకం ఆపి రిఫ్రిజిరేషన్ వాళ్లను పిలువు.