అరకుకు ఒక్క రోజు ప్రయాణం: గైడుతో వెళ్లే చిన్న వ్యాను తీసుకోవచ్చా?

గోధూళి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో ఒక పెళ్లి కోసం అమ్మానాన్నలతో, తొమ్మిదేళ్ల మా పాపతో కలిసి విశాఖపట్నం వస్తున్నాను. పెళ్లి అయ్యాక మాకు మిగిలేది ఒకే ఒక్క రోజు. ఆ రోజు అరకు లోయకు వెళ్లి రావాలన్నది అమ్మ కోరిక. రాత్రి అక్కడ బస చేసే వీలు లేదు.

పర్యాటక శాఖ వారి రైలు, బస్సు కలిసిన ప్యాకేజీ ఒకటి ఉందని తెలుసు. సొంతంగా కారు మాట్లాడుకోవచ్చుననీ తెలుసు. అయితే ఎనిమిది నుంచి పది మందిని మాత్రమే తీసుకువెళ్లి, వెంట గైడును పంపే వ్యాను యాత్రలు కూడా ఉన్నాయని ఈ మధ్యే విన్నాను. తలకు వాళ్లు అడిగే సొమ్ము బస్సు ప్యాకేజీ కంటే బాగా ఎక్కువగా ఉంది. వాళ్లు పంపిన పట్టికలో బొర్రా గుహలు, కటికి జలపాతం, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, చాపరాయి సెలయేరు, చివర థింసా నృత్యం, అన్నీ ఉన్నాయి.

నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మకు తోటలూ జలపాతాల కంటే అక్కడి మనుషులు ఎలా బతుకుతారో, ఏం పండిస్తారో చూడాలన్న ఆసక్తి ఎక్కువ. పాప ప్రతిదానికీ ఎందుకు అని అడిగే వయసులో ఉంది. ఈ పరిస్థితిలో గైడు వెంట ఉండడం వల్ల నిజంగా తేడా ఉంటుందా, లేక పేరుకు మాత్రమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

వలిసెపూలు

గోధూళి గారూ, గైడు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పట్టికను గడియారం పక్కన పెట్టి చూడండి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మైదానంలో ఈ దూరం పెద్ద లెక్కలోది కాదు కానీ, ఇక్కడ సముద్ర మట్టం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఘాట్ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ ఎక్కాలి కాబట్టి, ఎక్కడా ఆగకపోయినా ఒక వైపుకే మూడు, మూడున్నర గంటలు పడుతుంది. రానూపోనూ ఏడు గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. ఉదయం ఆరింటికి బయలుదేరి రాత్రి ఏడింటికి ఇల్లు చేరాలనుకుంటే మీ చేతిలో ఉండేది ఆరు గంటలు. అందులో భోజనానికి ఒక గంట, బొర్రాకు కనీసం గంటన్నర తీసేస్తే మిగిలిన మూడున్నర గంటల్లో ఏడు చోట్లు చూపిస్తామని వాళ్లు చెబుతున్నారు. వ్యాను దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ ఎక్కడం తప్ప అందులో చూడడానికి సమయం ఎక్కడిది?

చిన్న బృందం వల్ల కలిగే లాభం తక్కువ మంది ఉండడంలో లేదు. ఒక చోట నలుగురికీ నచ్చితే ఇంకో అరగంట ఆగగలగడంలో, పిల్ల అడిగిన ప్రశ్నకు తొందర లేకుండా జవాబు చెప్పే మనిషి పక్కన ఉండడంలో ఉంది. నలభై మంది బస్సు తిరిగే పట్టికనే పది మంది వ్యాను కూడా తిరిగితే, మీరు చిన్న బస్సుకు ఎక్కువ డబ్బు కడుతున్నట్టే లెక్క. అందుచేత ఆ నిర్వాహకులకు ఫోను చేసి మూడు చోట్లకు కుదించగలరా అని అడగండి. బొర్రా గుహలు, ఒక కాఫీ తోట, ఒక సంత గానీ ఊరు గానీ ఉంటే మీ నలుగురికీ సరిపోతుంది. పద్మాపురం, చాపరాయి వదిలేసినా మీ అమ్మగారు బాధపడరని మీరు రాసినదాన్ని బట్టి అనుకుంటున్నాను. కటికి జలపాతానికి గతుకుల దారిలో జీపు ఎక్కి, ఆపైన కొంత నడవాలి కాబట్టి అది మీ నాన్నగారికి పనికిరాదు.

గైడు ఉంటే తేడా ఎక్కడ తెలుస్తుందో రెండు చోట్ల చెబుతాను. బొర్రాలో గైడు లేకుండా నడిచేవారికి రంగు దీపాల వెలుగులో వింత ఆకారాలు కనిపిస్తాయి, అంతే. తెలిసిన మనిషి వెంట ఉంటే, వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లంగా మారి సున్నపురాయిని ఎలా కరిగిస్తుందో, కరిగిన ఆ సున్నమే పైకప్పు నుంచి చుక్కచుక్కగా జారి రాయిగా ఎలా పేరుకుంటుందో అక్కడికక్కడే చూపిస్తాడు. చేతితో తాకితే చర్మపు జిడ్డు అంటుకొని ఆ చోట పెరుగుదల ఆగిపోతుందని పాపకు చెప్పే బాధ్యత కూడా అతనిదే. గోస్తనీ నది పుట్టుక, ఆవు వెనుక వెళ్లిన పశువుల కాపరికి లోపల శివలింగం కనిపించిన కథ, ఏటా శివరాత్రికి కొండల ఊళ్ల జనం అక్కడికి రావడం, ఇవన్నీ ఒకే చోట ముడిపడి ఉన్నాయి. ఒక్క ఇనుప పలక చదివితే తెలిసే విషయాలు కావు ఇవి.

రెండోది కాఫీ. మీరు వస్తున్నది పండ్లు కోసే కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో మొక్కలు, ఆ చెట్ల బోదెలకే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. ఎర్రబడిన పండును వేళ్ల మధ్య నొక్కితే జిగటగా, కాస్త తియ్యగా ఉండే గుజ్జులోంచి రెండు గింజలు చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకొని బయటికి జారుతాయి. ఆ గుజ్జు తీసి, పులియబెట్టి కడిగి, కళ్లంలో ఆరబెట్టేదాకా ఎంత పని ఉందో రైతు నోట వింటే మీ అమ్మగారికి తప్పక నచ్చుతుంది. రోడ్డు పక్క దుకాణంలో కాఫీ తాగించి, పొడి పొట్లాలు కొనిపించడాన్ని కూడా కొందరు కాఫీ తోటల సందర్శన అనే పిలుస్తారు. నిజంగా తోటలోకి తీసుకువెళతారా, అక్కడ రైతుతో మాట్లాడే వీలుంటుందా అని ముందే తేల్చుకోండి.

కొత్తవలస ప్యాసింజరు

పై సలహాలో నాకు ఒక లోటు కనిపిస్తోంది. అరకు వెళ్లి రైలు ఎక్కకుండా రావడం ఏమిటండీ? కొత్తవలస, కిరండూల్ లైను 1960లలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు పంపడానికి వేసినది. తూర్పు కనుమలను తొలిచి యాభైకి పైగా సొరంగాలు వేశారు. బొర్రా, అరకుల మధ్య వచ్చే శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజి లైన్ల మీద అన్నిటికంటే ఎత్తైనదిగా పేరు పొందింది. 2017లో అద్దాల పైకప్పు, తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా వచ్చింది. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా పిల్లలు వేసే కేకల కోసమైనా అందులో ఒకసారి వెళ్లాలి.

ఉదయం రైలులో బొర్రా గుహలు స్టేషను వరకు వెళ్లి, అక్కడ వ్యాను ఎక్కేలా ఏర్పాటు చేయగలరా అని నిర్వాహకులను అడగండి. చిన్న బృందాలకు ఇది పెద్ద కష్టం కాదు. మలుపుల్లో కడుపు తిప్పే బాధ ఒక వైపైనా తప్పుతుంది. అయితే ఆ లైను మీద సరకు బండ్ల రద్దీ ఎక్కువ కాబట్టి గంటో రెండు గంటలో ఆలస్యం కావచ్చు. అప్పుడు వ్యాను వేచి ఉంటుందా, లేక మిమ్మల్ని వదిలి ముందుకు సాగిపోతుందా అన్నది స్పష్టం చేసుకోవాలి. విస్టాడోమ్ టికెట్లు డిసెంబరులో చివరి నిమిషంలో దొరకడం కష్టం.

గెడ్డఒడ్డు

నేను మన్యం ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడిని కాబట్టి, ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని మూడో భాగం గురించి రాస్తాను. మీ అమ్మగారు మనుషుల బతుకు చూడాలనుకుంటున్నారని రాశారు. అది చాలా మంచి కోరిక, కానీ దాన్ని నెరవేర్చే తీరులోనే గౌరవం, అగౌరవం రెండూ ఉన్నాయి.

అరకు చుట్టుపక్కల ఉండేది ఒకే తెగ కాదు. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోదు ఇలా ఎన్నో తెగలవారు పక్కపక్క ఊళ్లలో ఉంటారు. చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు కాదు. గైడు ఆ ఊళ్లకు చెందినవాడైతే ఇంటి ముంగిట నిలబడి ఒక మాట అడిగి, వాళ్లు సరేనన్నాకే మిమ్మల్ని లోపలికి పిలుస్తాడు. పట్నం నుంచి వచ్చిన గైడు చాలాసార్లు మైకులో వివరిస్తూ, మా వాళ్లను వస్తువుల్లా చూపిస్తూ నడిచిపోతాడు. మీరు డబ్బు ఎక్కువ పెడుతున్నారు కాబట్టి, గైడు ఏ ఊరివాడు అని అడిగే హక్కు మీకు ఉంది.

థింసా విషయానికి వస్తే, అది వేదిక కోసం పుట్టిన ఆట కాదు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగలో, పెళ్లిళ్లలో, ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి అతిథులుగా వెళ్లినప్పుడు ఆడతారు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని వరుసగా నిలబడతారు. ఆ వరుస పాములా వంకరలు తిరుగుతూ వలయంగా ముడుచుకొని మళ్లీ విప్పారుతుంది. తుడుము, డప్పు, కొమ్ములు వాయించేది మగవాళ్లు. అందరి అడుగూ ఒకేసారి పడి అందెల మోత ఒక్కటిగా వినిపించినప్పుడే దాని అందం తెలుస్తుంది. పర్యాటకుల కోసం ఇరవై నిమిషాలు ఆడేదాన్ని నేను తప్పు పట్టను, అది కూడా ఆ ఆడవాళ్లకు సంపాదనే. కాకపోతే సొమ్ము వాళ్ల చేతికి ఎంత అందుతుందో, దారిలో ఎంత ఆగిపోతుందో నిర్వాహకులను అడిగితే వాళ్ల జవాబు తీరులోనే చాలా సంగతి అర్థమవుతుంది. ఫొటో తీసేముందు అడగమని పాపకు చెప్పండి. వాళ్లు చేయి పట్టి పిలిస్తే మాత్రం సిగ్గుపడకుండా వరుసలో కలవమనండి.

నా మాట వింటే నాట్యం కంటే సంతకే ఎక్కువ సమయం ఇవ్వండి. ఏ ఊరి సంత ఏ వారమో గైడు చెబుతాడు. మీకు రోజు ఎంచుకునే వీలుంటే దాన్ని బట్టే పెట్టుకోండి. పసుపు, అల్లం, రాజ్‌మా, చోళ్లు (రాగులు), చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు తలమీద మోసుకొని కొండల మీది ఊళ్ల నుంచి దిగి వస్తారు. ఎక్కువగా మాట్లాడేదీ బేరమాడేదీ ఆడవాళ్లే. మీ అమ్మగారు అక్కడ కూర్చుని చింతపండు ధర అడిగితే చాలు, మ్యూజియం గాజుపెట్టెల ముందు గంటసేపు తిరిగినా తెలియని విషయాలు తెలుస్తాయి. దయచేసి గీచి గీచి బేరం మాత్రం ఆడవద్దు.

వలిసెపూలు

సంత గురించి గెడ్డఒడ్డు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మ్యూజియం విషయంలో మాత్రం ఒప్పుకోలేను. సంత లేని రోజున వెళ్లేవారికి, నడవలేని పెద్దలకు అది ఉపయోగమే. పనిముట్లు, వేట సామగ్రి, ఇళ్ల నమూనాలు చూసి, పక్కన ఆ ప్రాంతపు గైడు ఉంటే అరగంటలో చాలా తెలుసుకోవచ్చు.

గోధూళి

అందరికీ ధన్యవాదాలు. నిర్వాహకులతో మాట్లాడాను. బొర్రా, ఒక రైతు కాఫీ తోట, సంత, వీలైతే మ్యూజియం అని పట్టికను కుదించడానికి ఒప్పుకున్నారు. రైలు కలపడం ఈసారి కుదరదన్నారు. గైడు అనంతగిరి దగ్గరి ఊరివాడేనట, కానీ వ్యాను నడిపేది కూడా అతనేనట. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా? నాన్నను బొర్రా లోపలికి తీసుకువెళ్లవచ్చా అన్న సందేహం కూడా మిగిలి ఉంది.

మలుపుదారి

గోధూళి గారూ, నేను ఈ ఘాట్ రోడ్డు మీద తరచుగా బండి నడుపుతాను. నడిపే మనిషే గైడుగా ఉండడం మైదానంలో సమస్య కాదు. ఇక్కడ మాత్రం నాకు నచ్చదు. ఒక పక్క లోయ, ఎదురుగా బస్సు, వెనుక సీట్లోంచి పాప ప్రశ్న, ఇవన్నీ ఒకేసారి వచ్చినప్పుడు మంచి గైడు వెనక్కి తిరిగి జవాబు చెబుతాడు, మంచి డ్రైవరు చెప్పడు. ఇద్దరిని పంపమనండి. కుదరదంటే వివరణలన్నీ బండి ఆగాకే అని ముందుగానే ఒప్పందం చేసుకోండి. వ్యానుకు పసుపు నంబరు పలక ఉందో లేదో కూడా చూడండి. సొంత వాడకానికి తీసుకున్న తెల్ల పలక బండిలో సొమ్ము తీసుకొని జనాన్ని తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులు వస్తాయి.

డిసెంబరులో శని, ఆదివారాలు వద్దే వద్దు. పొలాల్లో పసుపుగా పూసే వలిసె పూలు చూడడానికి వచ్చే కార్లతో ఘాట్ రోడ్డు ఆగిపోతుంది, అప్పుడు పై లెక్కలేవీ నిలవవు. ఆ నెలలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, పొగమంచు కూడా దిగుతుంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా అరకు వదిలితే మలుపులన్నీ వెలుతురులోనే దాటవచ్చు. తెల్లవారుజామున పాపకు కడుపు నిండా పెట్టకండి. వాంతులు రాకుండా వేసే మాత్ర గురించి ముందే వైద్యుణ్ణి అడిగి, బయలుదేరక ముందే వేయండి.

బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, తేమకు జారుతాయి కూడా. అయితే ప్రవేశద్వారం దగ్గరి తొలి భాగమే చాలా విశాలంగా ఉంటుంది. మీ నాన్నగారు ఒకరి చేయి పట్టుకొని అంతవరకు దిగి, అక్కడే ఆగిపోయినా గుహ ఎంత పెద్దదో ఆయనకు అందుతుంది. తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లకు కష్టం కాబట్టి, కిందికి దిగిన ప్రతి మెట్టూ మళ్లీ ఎక్కాల్సిందేనని గుర్తుంచుకుని ఎంత దూరం వెళ్లాలో ఆయననే నిర్ణయించుకోనివ్వండి. గేటు బయట కోతులు ఉంటాయి, పాప చేతిలో తినుబండారాలు ఉండకుండా చూసుకోండి. సంతలో సిగ్నల్ అందక ఫోనుతో చెల్లింపులు ఆగిపోతుంటాయి, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. ఒప్పుకున్న చోట్లు, బయలుదేరే వేళ, తిరుగు ప్రయాణం వేళ, మనుషులు నిండకపోతే యాత్ర ఉంటుందా రద్దవుతుందా అన్నది, అన్నీ ఒక సందేశంగా రాసి పంపమని నిర్వాహకులను అడిగి, అది వచ్చాకే బయానా కట్టండి.