పర్యవేక్షణా, అజమాయిషీనా?

తిరుపతి నుంచి: అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలకు వియత్నాం యుద్ధం మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. వాషింగ్టన్‌లోని రక్షణ మంత్రి, పెద్ద అధికారులు అక్కడి దాడుల్ని 'పర్యవేక్షించారు' అని రాశాను. 'అజమాయిషీ చేశారు' అంటే బాగుంటుందని మా కాలేజీ మేడమ్ ఒకరు అంటున్నారు. ఏది సరి?

చిత్తూరు నుంచి: అమ్మా, పర్యవేక్షణలో ఉన్నది ఈక్షణం, అంటే చూడటం. అజమాయిషీ పారసీ మాట. ఆజ్మాయిష్ అంటే పరీక్ష. కరణం అడంగల్‌లో, అంటే ఊరి పైర్ల లెక్కల పుస్తకంలో, రాసిన పైరు నిజంగా నేలమీద ఉందా లేదా అని రెవెన్యూ వాళ్లు వచ్చి చూడటమే పైరు అజమాయిషీ.

1984లో కరణాలను తీసేయకముందు, పూతలపట్టు దగ్గర మా ఊళ్లో కళ్లారా చూశాను. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) సైకిలు చింతచెట్టుకు ఆనించి, ప్యాంటు మడుచుకొని గెనిమ (పొలం గట్టు) మీద నడిచొచ్చాడు. వెనకాలే మా తాత. ఒక చెనిక్కాయ చెట్టు పీకి, మన్ను దులిపి, కాయలు ఒలిచి చూశాడు. సగం తాలుకాయలే. "కరణం పంట బాగుందని రాసుండాడే" అన్నాడు. తాత ఏమీ మాట్లాడలేదు, ఇంకో చెట్టు పీకి ఆయన చేతికిచ్చాడు. నా లెక్కలో అదీ అజమాయిషీ.

వాషింగ్టన్‌లో జరిగింది వేరు. 1965 మార్చి నుంచి 1968 నవంబరు దాకా 'రోలింగ్ థండర్' పేరుతో ఉత్తర వియత్నాం మీద బాంబులు వేశారు. ఎక్కడెక్కడ వేయాలో అధ్యక్షుడు జాన్సన్, రక్షణ మంత్రి మెక్‌నమారా మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చేవాళ్లు. మెక్‌నమారా అంతకుముందు ఫోర్డ్ కార్ల కంపెనీకి అధ్యక్షుడు, దేన్నయినా అంకెల్లో చూసే మనిషి. చంపిన శత్రువుల లెక్కే గెలుపుకు కొలత అయింది. పైవాళ్లు అంకె అడిగే కొద్దీ కిందివాళ్లు పెంచి పంపారు. పొలం మొహం చూడకుండా ఇంట్లో కూర్చొని రాసిన అడంగల్ అది.

కాబట్టి పాత అర్థంలో అక్కడ అజమాయిషీ జరగలేదు. ఇప్పుడు మనం "నా మీద నీ అజమాయిషీ ఏంది?" అంటాం కదా, ఆ అర్థంలో మాత్రం నిండుగా జరిగింది.

పుత్తూరు నుంచి: అన్నా, మెక్‌నమారా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌కు చాలాసార్లు పోయొచ్చాడు. నేలమీద చూడలేదనడం న్యాయమా?

చిత్తూరు నుంచి: పోయాడు తమ్ముడూ, ఒప్పుకుంటాను. 1962లో పోయినప్పుడు, అంకెలన్నీ గెలుస్తున్నట్టే చూపిస్తున్నాయన్నాడు. గెనిమ దాకా పోయి చెట్టు పీకకుండా వచ్చినట్టయింది. 1995లో తన జ్ఞాపకాలు రాసినప్పుడు మాది ఘోరమైన తప్పని ఒప్పుకున్నాడు. ఆ యుద్ధంలో అమెరికా సైనికులే 58 వేల మందికి పైగా చనిపోయారు, వియత్నాం వాళ్లు లక్షల్లో పోయారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తిరుపతి నుంచి: అయితే నోట్సులో ఏం రాయమంటారు సార్?

చిత్తూరు నుంచి: సైగాన్‌లో ఉండి సేనను నడిపిన జనరల్ వెస్ట్‌మోర్లండ్‌కు 'పర్యవేక్షించాడు' ఉంచండమ్మా. మెక్‌నమారా దగ్గర 'వాషింగ్టన్ నుంచి పెత్తనం చేశాడు' అని రాయండి. అజమాయిషీ మాటను ఆ చెనిక్కాయ చెట్టుతో కలిపి పిల్లలకు నోటితో చెప్పండి.