2022-23 విదేశీ నిల్వల లెక్కలో 20 బిలియన్ల తేడా: బాండ్ల డ్యూరేషన్ ఎంత తీసుకోవాలి?

2022-23లో మన చెల్లింపుల శేషం (విదేశాలతో జరిగిన లావాదేవీల ఖాతా, బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్) ప్రకారం విదేశీ మారక నిల్వలు తగ్గింది 9.1 బిలియన్ డాలర్లే. నిల్వల పట్టికలో మాత్రం 607.3 నుంచి 578.4కి, అంటే 28.9 బిలియన్లు దిగాయి. మిగతా 19.8 విలువ మార్పు వల్ల వచ్చిన నష్టం, అది తెలుసు. దాన్ని విడగొట్టడమే కుదరడం లేదు.

నిల్వల్లోని విదేశీ కరెన్సీ ఆస్తులు 540 బిలియన్ డాలర్లు, అందులో యూరో వాటా 20 శాతం అనుకున్నాను (అసలు వాటా ఆర్‌బీఐ చెప్పదు). యూరో 1.11 డాలర్ల నుంచి 1.09కి పడితే నష్టం 2 బిలియన్లే. వాటా రెట్టింపు చేసినా 4 దాటదు. బంగారం ధర పెద్దగా కదల్లేదు. ఇక ప్రధానంగా మిగిలింది బాండ్ల ధరే: రెండేళ్ల అమెరికా బాండ్ రాబడి 2.3 నుంచి 4 శాతానికి ఎక్కింది, రాబడి పెరిగితే బాండ్ ధర పడుతుంది.

ఆర్‌బీఐ దగ్గరున్న విదేశీ బాండ్లకు సగటు డ్యూరేషన్ (రాబడి ఒక శాతం మారితే బాండ్ ధర సుమారు ఎంత శాతం మారుతుందో చెప్పే, ఏళ్లలో లెక్కించే కొలత) ఎన్నేళ్లు వేస్తే ఈ లెక్క సరిపోతుంది, దానికి ఆధారం ఏమిటి?