చెల్లికి ఎంఎస్, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయించమంటారా?

తెనాలి అన్న:
అందరికీ నమస్కారం. మా చెల్లికి 29 ఏళ్లు. మూడేళ్ల కిందట ఒక కన్ను మసకబారితే అద్దాలు మార్చాలేమో అనుకున్నాం. ఎమ్మారైలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, అంటే మన ఇమ్యూనిటీయే నరాల మీద పొరను దెబ్బతీసే జబ్బట. ఇంటర్‌ఫెరాన్ అనే మందు వాడుతున్నా ఈ ఏడాది రెండుసార్లు జబ్బు తిరగబెట్టి అటాక్ వచ్చింది. మెడ వంచితే వెన్నులోకి కరెంటు కొట్టినట్టుంటుందట. మొన్న పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. వేళ్లు బొబ్బలెక్కాయి, తనకి తెలియలేదు.

ఒక క్లినిక్ వాళ్లు బొడ్డుతాడు స్టెమ్ సెల్స్ మూడు డోసులు వేస్తే నరాల మీద పొర మళ్లీ వస్తుందంటున్నారు. ఆరు లక్షలు. చికాగోలో చాలామంది బాగుపడ్డారని పేపర్ కటింగ్ చూపించారు. శుక్రవారం అడ్వాన్స్ కట్టాలి. అమ్మ గాజులు తీసి ఇచ్చేసింది. కట్టమంటారా?

పదకొండేళ్లుగా ఎంఎస్‌తో:
తమ్ముడూ, కట్టొద్దు. పేరొకటే గాని చికాగోలో చేసింది వేరు. అక్కడ నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో డాక్టర్ రిచర్డ్ బర్ట్ వాళ్లు రోగి రక్తంలోంచే మూలకణాలు (స్టెమ్ సెల్స్) తీసి దాచి, కీమోతో దారితప్పిన ఇమ్యూనిటీని అణిచేసి, ఆ కణాలు తిరిగి ఎక్కించారు. పనిచేసేది కీమో. కణాలు రక్తం మళ్లీ తయారవడానికే. 2019లో వచ్చిన ఫలితాల్లో 110 మందిని రెండు గుంపులు చేస్తే, ఈ మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్లలో జబ్బు ముదిరింది ముగ్గురికి, మందులు వాడినవాళ్లలో 34 మందికి. వాళ్లంతా మీ చెల్లిలా అటాక్‌లు వస్తున్నవాళ్లే.

ఇంజెక్షన్ల సంగతి వేరు. ఎముక మజ్జ నుంచి తీసిన మీసెంకైమల్ అనే రకం మూలకణాలను 9 దేశాల్లో 144 మంది మీద పరీక్షిస్తే ఎమ్మారైలో కొత్త మచ్చలు తగ్గలేదు. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి పరిశోధన కోసం చేసే ట్రయల్లో తప్ప వైద్యంగా అమ్మకూడదు. ట్రయల్ నంబరు అడిగి చూడండి.

అసలు ఇంటర్‌ఫెరాన్ మీద ఏడాదికి రెండు అటాక్‌లంటే ఆ మందు చాలట్లేదు. నటాలిజుమాబ్, రిటుక్సిమాబ్ లాంటి ఇంకా బలమైన మందుల గురించి ముందు అడగండి.

బోన్‌మ్యారో వార్డు నర్సు:
అక్క చెప్పింది నిజం. కానీ మార్పిడి కూడా చిన్న పని కాదండీ. గడ్డకట్టించి దాచిన కణాలు ఎక్కించే రోజు గదంతా వెల్లుల్లి వాసన వస్తుంది, అది వాటిని నిల్వచేసే మందు వాసన. తర్వాతి రోజుల్లో తెల్లకణాలు దాదాపు సున్నాకి పడతాయి, కాస్త జ్వరం తగిలినా మాకు పరుగే. జుట్టు ఊడుతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. ఎప్పుడైనా ఆ దారికి వెళ్తే కీమోకి ముందే అండాలు దాచుకోవడం గురించి అడగండి. ఈ మాట చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది.

తెనాలి అన్న:
ట్రయల్ నంబరు అడిగాను. అలాంటిదేం లేదు, ఇది డైరెక్ట్ ట్రీట్‌మెంట్ అన్నారు. అడ్వాన్స్ కట్టట్లేదు. సోమవారం ఎమ్మారై సీడీలన్నీ తీసుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. అండాల సంగతి నేను చెల్లితో మాట్లాడలేను, మా ఆవిడ మాట్లాడతానంది.