నాన్న పోయాక బుర్ర పనిచేయట్లేదు, నేను ఇంత వీకా?

ప్రశ్న:
నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదండి. అప్పుడు గట్టిగానే ఉన్నా, హాస్పిటల్ బిల్లులు, డెత్ సర్టిఫికెట్, బ్యాంకుల చుట్టూ తిరగడం అన్నీ నేనే చూసుకున్నా, "ఎంత నిబ్బరం రా నీకు" అన్నారు కూడా అందరూ. ఇప్పుడేమో ఓటీపీ చూసి ఇటొచ్చి కొట్టేలోపు నంబర్ మర్చిపోతున్నా. మెయిల్ ఎన్నిసార్లు చదివినా తలకెక్కదు. చిన్న మాటకే కోపం, లేకపోతే మీటింగ్ మధ్యలో గొంతు పూడుకుపోతుంది. గుండె దిటవు చేసుకో అంటారు గానీ ఎలాగో ఒక్కళ్లూ చెప్పరు. మనోబలం ఇలా ఉన్నట్టుండి పోతుందా?

రాత్రిబండి:
ముందు ఒకటి చెప్పండి, నిద్ర పడుతోందా? దుఃఖంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడం, నిద్ర ముక్కలవడం మామూలే, ఆ రెండూ కలిస్తే దెబ్బతినేవాటిలో వర్కింగ్ మెమరీ ఒకటి, అంటే చూసింది కాసేపు బుర్రలో పట్టి ఉంచుకోవడం, మీ ఓటీపీ కథే. దానికీ ధైర్యానికీ సంబంధం లేదండి. పైగా మీ మెదడు ఇన్నేళ్లూ నాన్న ఉన్నారనే లెక్కలో నడిచింది కదా, ఇది ఆయన్ని అడగాలి, అది ఆయనకి చెప్పాలి అని ఇప్పటికీ అటే పోతుంది, పోయిన ప్రతిసారీ లేరని మళ్లీ తెలుస్తుంది. మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ అనే సైకాలజిస్టు వాళ్లు 2008లో ఒక మెదడు స్కాన్ స్టడీ చేశారు, తల్లినో అక్కచెల్లెలినో బ్రెస్ట్ క్యాన్సర్‌తో పోగొట్టుకున్న ఆడవాళ్ల మీద. దుఃఖం ఎంతకీ తగ్గనివాళ్లకి పోయినవాళ్ల ఫొటో చూపిస్తే, మనకి కావాల్సింది దొరుకుతుందని ఆశపడేటప్పుడు పనిచేసే భాగం కదిలిందట. లేరని తెలిసినా మెదడు ఇంకా ఎదురుచూస్తోందన్నమాట.

సగంచదువు:
సైన్సంతా సరే గానీ బాస్, కూర్చుని తవ్వుకుంటే ఇంకా లోపలికి పోతారు. పనిలో పడండి. నేనలాగే బయటపడ్డా.

తెల్లకాగితం:
@సగంచదువు మీకు పనిచేసింది సరే, కానీ ఈయన మొదట్లో చేసిందీ అదేగా, ఏడవడానికి టైమే ఇచ్చుకోలేదు. స్ట్రోబ్, షుట్ అని దుఃఖం మీద పనిచేసిన ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిందేంటంటే, మనిషి కాసేపు దుఃఖంలో ఉంటాడు, కాసేపు దాన్ని పక్కనపెట్టి బిల్లులు కట్టుకుంటాడు, మళ్లీ దుఃఖంలోకి వస్తాడు, ఈ అటూఇటూ తిరగడమే కోలుకోవడం అని. ఒకవైపే ఉండిపోతేనే ఇబ్బంది. నన్నడిగితే నిబ్బరం అంటే ఇదే, ఏడవకపోవడం కాదు.

ఇంకోటి, దుఃఖానికి ఐదు స్టేజీలు (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం) అంటారు కదా, ఆ లెక్క పెట్టుకుని నేను ఎక్కడున్నా అని చూసుకోకండి. క్యూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్ట్ 1969లో అది రాసింది చావుకి దగ్గరపడ్డ పేషెంట్లతో మాట్లాడి, వాళ్ల వెనక మిగిలినవాళ్లని చూసి కాదు. అసలు అందరికీ అలా వరసగా జరగదు.

ప్రశ్న అడిగినవారు:
తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుందండి, మళ్లీ పట్టదు. అయితే డాక్టర్‌కి చూపించుకోవాలా? ఆఫీసులో చెప్పాలా వద్దా?

రాత్రిబండి:
చూపించుకోండి, నిద్ర కోసమైనా. మతిమరుపుకి థైరాయిడ్, బీ12 లాంటివీ కారణం కావచ్చు, అన్నీ దుఃఖం ఖాతాలో వేసేస్తే అవి దొరకవు. దుఃఖం వదలకుండా రోజువారీ బతుకునే ఆపేస్తుంటే దానికి ప్రోలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అని పేరుంది, అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం‌లో 2022లో చేర్చారు, పెద్దవాళ్లకి కనీసం 12 నెలలు దాటాలి, డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 6 నెలలు. అంతమాత్రాన అప్పటిదాకా ఆగమని కాదు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అదే రోజు ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లిపోండి డాక్టర్ దగ్గరికి.

తెల్లకాగితం:
ఆఫీసులో మొత్తం కథ అక్కర్లేదు, మేనేజర్ ఒక్కరికి చాలు. "కొన్నాళ్లు నా లెక్కలు ఇంకొకరు చూస్తే బాగుంటుంది" అనండి, అర్థం చేసుకుంటారు. అంకెల పని పొద్దున్నే పెట్టుకోండి. ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానేయడం లాంటివి ఇప్పుడు ముట్టుకోకండి, ఎవరు తొందరపెట్టినా సరే, ముఖ్యంగా చుట్టాలు.